మూలిగే మంచు

నా ఉద్యోగం ఒకరి పక్కన కూర్చుని
నోరు మూసుకోవడం.
చేతిలో నోట్‌బుక్, జేబులో స్టాప్‌వాచ్.
వాళ్ళు తికమకపడితే రాసుకోవాలి,
సాయం చెయ్యకూడదు.

ఫిబ్రవరిలో ఫెర్రీ ఎక్కి
హీయుమా దీవి లైబ్రరీకి వెళ్ళాను.
వైకె అని ఒకావిడ, అరవై రెండేళ్ళు,
ఊలు తొడుగుల వేళ్ళు కత్తిరించుకుని
అట్టముక్కల మీది మాటల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది.
సముద్రం గడ్డకట్టినప్పుడు
దీవివాళ్ళు దానికి పెట్టుకున్న పేర్లట అవన్నీ:
నెయ్యి పేరినట్టుండే మంచు,
పడవ అంచు కొరికే మంచు,
నిన్న మోసి ఇవాళ మొయ్యని మంచు.

తెర మీద కింద కుడి మూల
బస్సు టికెట్టొకటి టేపుతో అతికించి ఉంది.
అదేమిటని అడగకూడదు.
అడిగాను.
"అక్కడే కదా ఆ డబ్బా లేచేది" అంది.
"కప్పేస్తే పోతుందని కాదు.
దాన్ని చూస్తే రాస్తున్న మాట పోతోంది."

ఆ డబ్బా నాదే.
ఆ నీలం, ఆ గుండ్రటి అంచులు,
'ఇప్పుడే', 'కాసేపాగి' అనే రెండు బటన్లు.
ఆ 'కాసేపు' కోసం ఆఫీసులో
తొమ్మిది వారాలు తగవులాడాను.
'వద్దు' కోసం ఎవరూ తగవులాడలేదు.
ఎన్నిసార్లు 'కాసేపాగి' నొక్కితే
అది అడగడం మానేస్తుందో
ఆ అంకె కూడా నాకు తెలుసు.
గడప బయట పిలిచి పిలిచి
చివరికి చెప్పులతోనే లోపలికొచ్చే
అప్పులవాడి ఓపిక అది.

పదకొండూ నలభైకి
పొయ్యిలో కట్టె వెయ్యడానికి ఆమె లేచింది.
టికెట్టు వెనక వెలుగు కదిలింది.
పదిహేను నిమిషాలు అని ఉంటుంది,
తర్వాత పద్నాలుగు,
చీటీ మీద చెరిగిపోయిన ఊరి పేరు వెనక
ఎవరికీ కనపడని లెక్క.
నాకు తెలుసు.
నోరు మూసుకున్నాను.

ఆమె తిరిగొచ్చి, చేతులు రుద్దుకుని,
ఇంకో రెండు పేర్లు ఎక్కించింది.
మూడోది సగంలో ఉండగా తెర నల్లబడింది.

తిట్టలేదు. తిడితే బావుండేది.
చేతులు ఒళ్ళో పెట్టుకుని
తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం చూస్తూ
"నేనేం తప్పు నొక్కాను?" అంది.

నా నోట్‌బుక్‌లో దానికో గడి ఉంది.
'వాడేవారి పొరపాటు: అవును, కాదు.'
పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

"అట్టలున్నాయిగా, మళ్ళీ ఎక్కిస్తాలే" అని
నాకే ధైర్యం చెప్పి కాఫీ పోసింది.
అప్పుడు, దేన్ని గురించో మాట్లాడుతున్నట్టు:
"మా పక్కింటి ఎండెల్‌కి నా పార కావాలంటే
ముందు కిటికీలోంచి చూస్తాడు.
నా చేతులు పిండిలో ఉంటే
గుమ్మానికి తన చేతికర్ర ఆనించి వెళ్ళిపోతాడు.
రొట్టె పొయ్యిలో పెట్టాక
నేనే పార తీసుకెళ్ళి ఇచ్చి, కర్ర ఇచ్చొస్తాను.
మీ డబ్బా చేతులు చూడదు."

ఆ పూట పోయిన పదిహేడు పేర్లలో
ఒకదాన్ని నా కోసం మళ్ళీ చదివింది.
విరిగే ముందు మూలిగే మంచు.
పిల్లల్ని దాని మీదే ఆడుకోనిచ్చేవారట.
మూలగకుండా విరిగేదాని పేరేమిటన్నాను.
అట్టలన్నీ తిరగేసింది. లేదు.
"చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదేమో"
అని నవ్వి, చేతితొడుగులు సర్దుకుంది.

తిరుగు ఫెర్రీలో రిపోర్టు మొదలుపెట్టాను.
'చేతులు' అని రాసి కొట్టేశాను.
మా మేనేజరు అడుగుతాడు, చేతుల్ని ఎలా కొలుస్తావని.
మళ్ళీ రాశాను.
ఓడ పొట్టకి మంచు ఒరుసుకుంటోంది,
కిందినుంచి సన్నగా, ఆగకుండా ఒక మూలుగు,
దానిపాటికది తను ఎక్కడుందో చెబుతూ.

తెర మూల నీలం డబ్బా లేచింది.
జేబులు తడుముకున్నాను.
నా టికెట్టు ఫోన్లో ఉంది.